సబ్బునురగ పిన్ని, ఊరికే వచ్చిన మార్కర్

సబ్బునురగ పిన్ని అని పేరు పెట్టింది పెయింట్‌బాల్ మైదానంలో ఆడుకునే ఆడపిల్లలు. కన్నవాళ్లు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, దాంతో పిలిచేవాళ్లు ఇప్పుడెవరూ మిగల్లేదు. ఏ గాలిగొట్టం చేతికిచ్చినా, ఏ సిలిండర్ ఎదురుగా పెట్టినా, మాటా మంచీ లేకుండా ముందు బ్రష్షుతో సబ్బునురగ పూసేస్తుంది. బుడగ లేచిందంటే గాలి కారుతున్నట్టు. లేవకపోతే ఇంకా అనుమానం, నురగ సరిగ్గా పట్టలేదేమోనని మళ్లీ పూస్తుంది. మనుషులకి నురగ పూయడం కుదరదు కాబట్టి వాళ్లని పూయకుండానే అనుమానిస్తుంది.

ఆ మైదానం ఒకప్పుడు చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీ షెడ్డు. గాలి ఒత్తిడితో బొత్తాలు బిగించే మిషన్లు వరసగా ఉండేవి. వాటి ఆలనాపాలనా పిన్నిది. ఫ్యాక్టరీ మూతపడింది, మిషన్లు లారీ ఎక్కాయి, కుట్టేవాళ్లు తలో దిక్కూ అయ్యారు. షెడ్డు కొన్నాయన లోపల గాలి నింపిన దిమ్మల్లాంటి దిండ్లు నిలబెట్టి, వాటి చాటు నుంచి ఒకళ్లనొకళ్లు రంగు గుండ్లతో కొట్టుకునే ఆటస్థలం చేశాడు. గుండు తగిలి పగిలి రంగు అంటిందా, ఆ మనిషి ఆటలోంచి అవుట్. ఆ గుండ్లు విసిరేది కూడా గాలే కాబట్టి, గాలి మర్మం తెలిసిన మనిషి కావాలన్నాడు. వాచ్‌మన్ పిన్నిని చూపించాడు. అలా షెడ్డుతోపాటు ఆవిడా చేతులు మారింది. దారపు రీళ్లు పెట్టుకునే గదే ఇప్పుడు ఆవిడ రిపేరు గది.

"తుపాకీ అనకమ్మా, మార్కర్ అనాలి. అందరూ నవ్వుతున్నారు" అంటుంది కూతురు.

"గొట్టం ఉంది, మీట ఉంది, నొక్కితే గుండు పోతుంది. మీరు మార్కర్ అన్నంత మాత్రాన అది పెన్సిలైపోతుందా?" అంటుంది పిన్ని.

ఈ కూతురు ఆ జట్టులోనే ఆడుతుంది. ఆడుతుందనడం కన్నా బెంచీని అరగదీస్తుందనడం న్యాయం. దానిది వెనకుండే స్థానం. ముందువాళ్లు దిండు నుంచి దిండుకి పరిగెత్తుతుంటే, వెనక నిలబడి, అవతలివాళ్లు తల ఎత్తకుండా గుండ్లు కురిపించాలి. ఓర్పున్న పని, అందుకు సరిపోయిన పిల్ల. కానీ దాని మార్కర్ పాతది. ప్రాక్టీసులో ఆగిపోయి, ఈ సారి పిన్ని చేతికి కూడా లొంగలేదు. టోర్నమెంటు రేపు పొద్దున్నే. కెప్టెన్ ఒకటే మాట చెప్పింది. సాయంత్రంలోగా మంచి మార్కర్ చేతికొస్తే వెనక నువ్వు, రాకపోతే రెండు జడల పిల్ల, దాని దగ్గర సొంతంగా మంచిది ఉంది. రెండు జడల పిల్ల అప్పుడే కొత్త చేతితొడుగులు కొనుక్కుని, వేసుకుని, వేళ్లు విరుచుకుంటూ తిరుగుతోంది.

అలాంటి పొద్దున కెప్టెన్, కూతురూ కలిసి రిపేరు గదిలోకి ఒక పెట్టె తెచ్చారు. మూత తీస్తే మెత్తటి నల్లటి స్పాంజిలో, పొట్లంలో నగలా పడుకుని ఉంది మార్కర్. నల్లగా నిగనిగలాడుతూ, పక్కన చిన్న తెర, వెనక గుండ్రటి మూత.

"మార్కర్ల షాపాయన ఈ ఒక్క టోర్నమెంటుకి వాడుకోమని ఇచ్చాడు పిన్నీ. సరికొత్తది, ఆయన దగ్గరున్న వాటిల్లో ఇదే ఖరీదైనది. నువ్వు చూసి సరే అంటే రేపు వెనక మీ అమ్మాయే" అంది కెప్టెన్.

"అమ్మడానికి తెచ్చుకున్నది ఊరికే ఎందుకిచ్చాడు?"

"నలుగురి కళ్లలో పడుతుందని."

"నలుగురి కళ్లలో పడాలంటే షాపు అద్దంలో పెట్టుకోవచ్చుగా. పోనీ, ఎవరు తెచ్చారు?"

కెప్టెన్ కూతురి వంక చూసింది. కూతురు పెట్టె వంక చూసింది.

"షాపు నుంచే వచ్చిందమ్మా" అంది.

ఆ చూపుల సంగతి పిన్ని మనసులో ఒక పక్కన పెట్టుకుంది. ఆ షాపాయన మీద ఆవిడకి ఎప్పట్నుంచో గుర్రు. ఒకసారి వాడేసిన గాలిగొట్టాన్ని తుడిచి, కవర్లో పెట్టి కొత్తదని అంటగట్టాడు. తెలియక జరిగిందన్నాడు. తెలియక కవర్లోకి ఎలా దూరిందని అడిగితే నవ్వాడు. నవ్వి తప్పించుకునేవాడిని పిన్ని ఈ జన్మకి నమ్మదు.

"లోపల మాత్రం విప్పొద్దు పిన్నీ. షాపాయన షరతు అదొక్కటే" అంది కెప్టెన్, వెళ్లబోతూ.

"విప్పకుండా ఎలా తెలుస్తుంది?"

"కాల్చి చూడు. అందరూ అలాగే చూస్తారు."

అందరూ ఎలా చూస్తారో పిన్నికి తెలుసు. చేతిలోకి తీసుకుని, బరువు చూసి, తళుకు చూసి, దడదడా నాలుగు కాల్చి, అదిరిందంటారు. పెళ్లిచూపుల్లో కాఫీ కప్పు చూసి పిల్లని మెచ్చుకున్నట్టు.

ముఖానికి మాస్కు పెట్టుకుంది, కూతురికి పెట్టించింది. నురగ పూసింది. ఒక్క బుడగ లేవలేదు. మళ్లీ పూసింది. లేవలేదు. గొట్టం చివర వేగం కొలిచే యంత్రం బిగించింది. ఆటలో గుండు సెకనుకి మూడొందల అడుగుల వేగం దాటకూడదని నియమం. దాటితే మనిషినే బయటికి పంపేస్తారు. వరసగా కాల్పిస్తే ప్రతి గుండూ ఆ గీతకి కాస్త కిందే, ఒకదాని వెనక ఒకటి బడిపిల్లల్లా బుద్ధిగా నడిచింది. తర్వాత తన సొంత డబ్బా తీసింది. పాతబడి పెళుసెక్కిన గుండ్లని పిన్ని పారెయ్యదు, దాచుకుంటుంది. మొరటు యంత్రంలో వేస్తే అవి లోపలే చితికి రంగు కక్కుతాయి. ఈ మార్కర్ వాటిని కూడా చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని, పగలకుండా బయటికి పంపింది.

కూతురి మొహం వెలిగింది. పిన్ని మొహం ముడుచుకుంది.

"మరీ ఇంత బాగుండకూడదు" అంది.

"బాగుండడం కూడా తప్పేనా అమ్మా?"

పిన్ని దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురులో తిప్పి తిప్పి చూసింది. పిడి పైన ఒక స్క్రూ తల మీద నలుపు లేచిపోయి, లోపలి తెల్ల ఇనుము కనపడుతోంది. చీమ తలంత గీత.

"ఇదిగో. ఎవరో విప్పారు. కొత్తదని చెప్పి ఎవరో వాడి పారేసింది ఇచ్చాడు."

"గీతే కదమ్మా."

"దొంగ కూడా గుమ్మంలో అడుగు జాడే వదులుతాడు, పెళ్లి ఊరేగింపు వదలడు. కూర్చో. టీ పెడతాను."

టీ అనగానే కూతురు నీరుకారిపోయింది. అది పిన్ని ఆఖరి పరీక్ష. ఫ్యాక్టరీ రోజుల్లో బొత్తాల మిషన్లు పొద్దంతా నిక్షేపంగా పనిచేసేవి. భోజనాలయ్యాక వేసిన మొదటి చొక్కాకి మాత్రం బొత్తం వంకరగా పడేది. కాసేపు కదలకుండా ఉంటే లోపలి రబ్బరు చుట్టలు గోడకి అతుక్కుని, మొదటి దెబ్బకి బద్ధకంగా లేచేవి. ఆ మొదటి చొక్కాలకి సూపర్‌వైజరు చేత పడ్డ తిట్లు పిన్ని మర్చిపోలేదు. అందుకని ఏ మార్కర్ వచ్చినా బాగా కాల్చి, పక్కన పడుకోబెట్టి, నింపాదిగా టీ కాచుకుని, తాగి, గ్లాసు కడిగి, అప్పుడు ఒకే ఒక్క గుండు కాలుస్తుంది.

గ్లాసు కడిగి వచ్చింది. మీట నొక్కింది. గుండు దగ్గు వచ్చినట్టు బయటికొచ్చి, ఎదురుగా వేలాడదీసిన గుడ్డకి చేరకముందే నేలవాలింది. యంత్రంలో అంకె చూస్తే బాగా తక్కువ. రెండోది బాణంలా వెళ్లింది. మళ్లీ టీ కాచింది. మళ్లీ మొదటి గుండు నేల మీదే.

"ఇది పనికిరాదు" అంది పిన్ని.

"మొదటిది ఒక్కటేగా. ముందే ఒకటి గాల్లోకి కాల్చేసి మొదలుపెడతాను."

"దిండు వెనక ఊపిరి బిగపట్టుకుని కూర్చుంటావు. అవతలిది చటుక్కున తల బయటపెడుతుంది. అప్పుడు దానితో చెబుతావా, అక్కా ఒక్క నిమిషం ఆగు, నాది ముందు ఒకటి దగ్గాలి అని?"

కూతురు మాస్కు తీసి ఒళ్లో పెట్టుకుని, దాని పట్టీ బిగిస్తూ వదులుతూ కూర్చుంది. ఏడిస్తే పిన్ని తిట్టేది. ఏడవలేదు. ఆ ఏడవకపోవడమే ఆవిడకి గుచ్చుకుంది. గుచ్చుకున్న కోపమంతా షాపాయన మీదికి మళ్లింది.

"పెట్టె మూసి పట్టుకో. పద."

షాపులో ఇద్దరు కుర్రాళ్లు మాస్కులు పెట్టుకుని చూసుకుంటున్నారు. గోడ నిండా మార్కర్లు, అద్దం బల్ల, వెనక కాల్చి చూసుకోవడానికి పొడుగాటి సందు. అంతా నేల తుడిచే మందు వాసన. పిన్ని పెట్టెని బల్ల మీద చప్పుడయ్యేలా పెట్టింది.

"బాబూ, వాడేసింది తుడిచి ఇవ్వడం నీకు అలవాటే అనుకో. కానీ నా కూతురి ఆటతో ఆడుకోవడం ఎప్పుడు మొదలుపెట్టావు?"

మాస్కుల్లోని కుర్రాళ్లు అటు తిరిగారు. మాస్కులు తీసేలోపు ఒక మాటైనా వినకుండా పోతుందేమోనన్నట్టు అలాగే నిలబడ్డారు.

"ఏమైందమ్మా?" అన్నాడు షాపాయన. ఈ సారి నవ్వలేదు.

"కాసేపు ఊరుకుంటే మొదటి గుండు చచ్చిపోతోంది. పైన స్క్రూ విప్పిన గీత. కొత్తదన్నావట."

షాపాయన గీత చూశాడు. చూసి, వెనకున్న గుండ్రటి మూతని రెండు వేళ్లతో తిప్పాడు. అది మెత్తగా ఊడి వచ్చింది.

"ఇది చేత్తో తిప్పితే వస్తుందమ్మా. లోపలిది మొత్తం ఇలా బయటికొస్తుంది. మేం స్క్రూ జోలికే పోం. సంగతి తెలియని మనిషి ఎవరో ముందు స్క్రూడ్రైవర్‌తో కుస్తీ పట్టి, తర్వాత మూత కనిపెట్టారు."

"అంటే నేనా?"

"మీరని అన్లేదు. నిన్న సాయంత్రం సీలు తియ్యని పెట్టె మీ ఆయన చేతికే ఇచ్చాను."

పిన్ని కూతురి వైపు తిరిగింది.

"నాన్ననే పంపాను. నీకు చెబితే ఆయన చేతిలో పెట్టారా అంటావని చెప్పలేదు" అంది కూతురు గోడ వైపు చూస్తూ.

పొద్దున పక్కన పెట్టిన ఆ చూపుల సంగతి పిన్నికి ఇప్పుడు అర్థమైంది. అయినా అది ఒప్పుకునే లోపే షాపాయన లోపలి కడ్డీని బయటికి లాగి అద్దం మీద పెట్టాడు. రబ్బరు చుట్టల చుట్టూ తెల్లగా, మందంగా, వెన్న మెత్తినట్టు గ్రీజు.

"ఇదీ జబ్బు. ఇంత చిక్కటి గ్రీజు దీనికి విషం. అతుక్కుపోతుంది. దీనికి పల్చటి నూనె ఒక చుక్క చాలు."

పిన్ని వంగింది. నేల తుడిచే మందు వాసన మధ్యలోంచి సన్నగా, తలనొప్పి బామ్ వాసన.

ఇంకొకరికి అది వట్టి వాసన. పిన్నికి అది ఇంటి అడ్రసు. ఫ్యాక్టరీలో నేర్చిన గ్రీజు ఆవిడ స్వయంగా కలుపుకుని ఖాళీ బామ్ సీసాల్లో పెట్టుకుంటుంది. ఆవిడకి తలనొప్పి ఎక్కువ, కాబట్టి సీసాలకి లోటు లేదు. ఆ సీసాలు ఎంత కడిగినా వాసన వదలవు. రిపేరు గదంతా, ఇల్లంతా, ఆవిడ కొంగంతా అదే వాసన. అంత వాసనలో పొద్దున మార్కర్‌లోంచి వచ్చింది వేరుగా తెలిస్తే కదా.

ఇంట్లోకి ఫ్యాను వచ్చినా, కుట్టుమిషన్ వచ్చినా, ఆఖరికి గేటు వచ్చినా, విప్పి, తుడిచి, ఆ గ్రీజు పూశాకే ఆవిడ వాడనిస్తుంది. పూయందాన్ని మెచ్చుకున్న పాపాన పోలేదు. ఆ ఇంట్లో ఇరవై ఏళ్లకి పైగా కాపరం చేస్తున్న మనిషికి ఆ మాత్రం తెలియదా.

కూతురి ముక్కు కూడా తల్లి ముక్కే. అది వాసన పట్టి, నోరు మూసుకుని, తల్లి మొహం చూస్తోంది. షాపాయనకి తెలియదు. మాస్కుల్లో కుర్రాళ్లకి అసలే తెలియదు. పిన్ని ఇప్పుడు ఏమీ అనకుండా పెట్టె అక్కడే వదిలేసి వస్తే, షాపాయన వాడేసిన సరుకు ఇచ్చాడన్న మాట ఊళ్లో అలాగే నిలబడిపోతుంది. పిన్ని పరువు పిన్నికుంటుంది. రేపు వెనక రెండు జడల పిల్ల నిలబడుతుంది.

పిన్ని కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"ఈ గ్రీజు మా ఇంటిది" అంది.

"ఏంటమ్మా?"

"చెవుడా నాయనా? మా ఇంటిది. కలిపింది నేను. పూసింది మా ఆయన. నీ సరుకులో తప్పు లేదు. ఆ గాలిగొట్టం సంగతి వేరు, దాని లెక్క ఇంకా అలాగే ఉంది."

షాపాయన మెత్తటి గుడ్డ తీసి ఆవిడ ముందు పెట్టాడు. తనే తుడుస్తానన్లేదు. అది ఆవిడకి కాస్త నచ్చింది. రబ్బరు చుట్టల్ని ఒక్కొక్కటీ తీసి, గ్రీజంతా తుడిచి, ఆయనిచ్చిన పల్చటి నూనె ఒక చుక్క వేసింది. అంత తక్కువ వేయడానికి చెయ్యి రాలేదు. రెండో చుక్క వేయబోతే కూతురు చెయ్యి పట్టుకుంది.

వెనక సందులో బాగా కాల్చి, పక్కన పెట్టారు.

"టీ ఉందా?" అంది పిన్ని.

"తెప్పిస్తాను."

"వేడిగా తెప్పించు. చల్లారే దాకా కూర్చోవాలి."

ఆ టీ చల్లారినంత సేపూ కుర్రాళ్లు మాస్కులు నెత్తి మీదికి ఎత్తుకుని, కొనడం మానేసి, సందు గుమ్మంలో నిలబడ్డారు. పిన్ని ఆఖరి గుక్క తాగి, గ్లాసు కడగడానికి చోటు లేక చేతిలోనే పట్టుకుని, నువ్వే కాల్చు అన్నట్టు కూతురికి తలూపింది.

కూతురు ఒక్కటే కాల్చింది. గుండు సూటిగా వెళ్లి, సందు చివర గుడ్డ మీద పచ్చగా పగిలింది. అక్కడి వేగం యంత్రంలో అంకె మూడొందలకి కాస్త కిందే ఉంది.

"ఇంకో టీ" అంది పిన్ని.

"అమ్మా."

"ఒకసారి కుదిరింది. ఒకసారి ఎవరికైనా కుదురుతుంది."

రెండోసారీ అలాగే పగిలింది. పిన్ని గొట్టం మీద తొడుగు తొడిగి, మార్కర్‌ని పెట్టెలో పడుకోబెట్టి, ఫోను చెవి దగ్గర పెట్టుకుంది.

"కెప్టెనూ, మార్కర్ బాగుంది. రేపు వెనక దీన్నే నిలబెట్టు."

పెట్టె మూస్తున్న కూతురు చెయ్యి ఆగింది. ఇన్నాళ్లలో తల్లి నోట ఆ మాట అదే మొదటిసారి. ఏమీ అనలేదు. అంటే వెనక్కి తీసుకుంటుందని దానికి తెలుసు.

ఇంటికెళ్లేసరికి ఆయన వరండాలో కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నాడు. బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. స్టీరింగు పట్టుకున్నంత కాలం బండి అడుగున ఏముందో వంగి చూసిన పాపాన పోలేదు. పెళ్లాం గూట్లోంచి తీసిన స్క్రూడ్రైవర్ చూడగానే పేపరు కొంచెం పైకెత్తాడు.

"ఏమండీ, దీన్ని ఎప్పుడు ముట్టుకున్నారు?"

"దేన్ని?"

"పేపరు దించండి. తలకిందులుగా పట్టుకున్నారు."

దించాడు. తలకిందులుగా లేదు. అయినా దొరికిపోయాడు.

"నువ్వు నీ గ్రీజు లేనిదాన్ని దేన్నీ బాగుందనవుగా" అన్నాడు మెల్లగా. "పిల్ల రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. ముందే పూసేస్తే ఒక పరీక్షైనా తక్కువ పెడతావనుకున్నాను. నీ వాసన వస్తే అదైనా నమ్ముతావని."

పిన్ని దగ్గర దీనికి సిద్ధంగా ఉన్న మాటలు చాలానే ఉన్నాయి. బస్సుకి కూడా ఇలాగే పూశారా, అందుకేనా ప్రతి స్టాపులో దగ్గేది, అందామనుకుంది. స్క్రూడ్రైవర్‌ని గూట్లో పెట్టేసింది.

"స్క్రూ కాదు. వెనక మూత చేత్తో తిప్పితే వస్తుంది" అంది. "ఇంకోసారి గీత పడితే ఊరుకోను."

"ఇంకోసారి ముట్టుకోవచ్చా అయితే?"

"లేచి కాళ్లు కడుక్కోండి, వడ్డిస్తాను."

మర్నాడు పొద్దున షెడ్డులో జనం వల అవతల కిక్కిరిసి ఉన్నారు. పిన్ని, ఆయన పక్కపక్కనే నిలబడ్డారు. ఆట మొదలయ్యాక కూతురు వెనక దిండు చాటున మోకాలి మీద కూర్చుంది. ముందువాళ్లు ఇద్దరు అవుటై చేతులెత్తి బయటికొచ్చేశారు. అవతలి వైపు నుంచి ఎవరూ కదలడం లేదు. కూతురూ కాల్చడం లేదు. కదలకుండా, మార్కర్ కదలకుండా, అలా చాలాసేపు. పిన్నికి భోజనాల తర్వాతి మొదటి చొక్కాలు వరసగా కళ్ల ముందు తిరిగాయి. ఆయన ఏదో చెప్పబోతే చెయ్యి పట్టుకుని నొక్కింది.

అవతలి పిల్ల దిండు అంచు మీంచి తల పెట్టింది. కూతురు ఒక్కటే కాల్చింది. ఆ పిల్ల మాస్కు మీద గుండు పచ్చగా పగిలింది.

జనం అరిచారు. ఆయన పిన్ని వంక చూశాడు, ఇప్పటికైనా అన్నట్టు.

"బాగానే ఉంది" అంది పిన్ని, మైదానం మీంచి చూపు తిప్పకుండా. "కానీ అంత మంచిది ఊరికే ఎందుకిచ్చాడో, అది మాత్రం నాకింకా తేల్లేదు."